విజయనగరంలో పైలట్ గ్రౌండ్ క్లాసులు: కార్గో సార్ కోసం వెళ్ళండి, ప్యాకేజీ కోసం వద్దు

ముందే చెప్పేస్తున్నా, 5కి 3.5 ఇస్తున్నా. గ్రౌండ్ క్లాసులకి 4, ఆదివారం వచ్చే కార్గో సార్ (సరుకు విమానాలు నడిపి రిటైరైన పైలట్) సెషన్‌కి విడిగా ఇవ్వమంటే 5కి 5, ముందు రూములో కూర్చుని ఫారిన్ ప్యాకేజీలు అమ్మే వాళ్ళకి 1 కూడా ఎక్కువే, అన్నీ కలిపి ఏదో అలా వచ్చింది. సెంటర్ పేరు రాయట్లేదు. లోపల చదువు చెప్పేవాళ్ళు మంచోళ్ళు, బయట అమ్మకాల వాళ్ళ వల్ల వాళ్ళకి చెడ్డపేరు రావడం నాకిష్టం లేదు. విజయనగరంలో ఇలాంటివి వీధికొకటి ఏం లేవు కాబట్టి కావాల్సినోళ్ళకి ఎలాగూ తెలిసిపోద్ది.

నాది శ్రీకాకుళంలో లారీ ట్రాన్స్‌పోర్ట్ బుకింగ్ ఆఫీసు. మా చెల్లి కొడుక్కి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. భోగాపురంలో ఎయిర్‌పోర్ట్ పనులు మొదలైన దగ్గర్నుంచి, దానికితోడు 2024 జూన్‌లో మన ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు విమానాల మంత్రి అయిన దగ్గర్నుంచి మా రెండు జిల్లాల్లో ఇంటికో పైలట్ క్యాండిడేట్ తయారయ్యాడు, మావాడైతే ఇంకో అడుగు ముందుకేశాడు. వీడికి ఇండిగో యూనిఫారం వద్దంట, అలాస్కాలో మంచు మీద దిగే చిన్న విమానం నడపాలంట, అది కాకపోతే రాత్రిపూట కార్గో. "ప్యాసింజర్లే లేకపోతే గొడవేటుంటాది మావయ్యా" అంటాడు. మా చెల్లి ఫోన్ చేసి "అన్నయ్యా, సరుకు సంగతి నీకు తెలుసు కదా, నువ్వే వాడిని తీసుకెళ్ళి కనుక్కో" అంది. దానికి సరుకంటే సరుకే, లారీలో ఎల్లినా విమానంలో ఎల్లినా. ఇప్పుడు ఆలోచిస్తే అది చెప్పింది పూర్తిగా తప్పు కూడా కాదు.

సెంటర్ సంగతి తొందరగా చెప్పేస్తా. మేడ మీద రెండు క్లాసు రూములు, ఒక ఆఫీసు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగితే ఆటోకి ఎక్కువ దూరం లేదు, బళ్ళు పెట్టుకోడానికి చోటు లేదు, కారులో వెళ్తే అవస్థే. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ప్రొజెక్టర్ ఆగిపోద్ది. మంచినీళ్ళు ఉన్నాయి. బాత్రూం బాగానే ఉంది. టీ మాత్రం కిందకి దిగి తాగాలి.

గ్రౌండ్ క్లాసంటే తెలియనోళ్ళకి. విమానం తోలడం ఇక్కడ నేర్పరు, డీజీసీఏ, అంటే పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, పెట్టే పరీక్షలకి చదివిస్తారు. నావిగేషన్, మెటీరియాలజీ అంటే వాతావరణం, రెగ్యులేషన్స్, టెక్నికల్, వీటితోపాటు రేడియోలో మాట్లాడ్డానికి ఆర్‌టీఆర్ అని ఇంకోటి. పేపర్లకి నూటికి 70 మార్కులు వస్తేనే పాసు, 69 అంటే పోయినట్టే. నేను వెనక బెంచీలో కూర్చుని వాతావరణం క్లాసు విన్నాను, మావాడికంటే నాకే ఎక్కువ ఎక్కిందేమో. చెప్పినాయన తిత్లీ తుపాను మ్యాపు బోర్డు మీద వేసి మొదలుపెట్టాడు, 2018 అక్టోబర్ 11న పలాస వైపు తీరం దాటింది కదా, గాలి ఎందుకు అలా గుండ్రంగా తిరుగుద్ది, కన్ను మీదుగా వెళ్తుంటే కాసేపు ఎందుకు ఆగుద్ది, తర్వాత గాలి రెండో వైపు నుంచి ఎందుకు కొడద్ది అని. ఆ రాత్రి చూసినోళ్ళం మేము, కొబ్బరిచెట్లు ముందొకవైపు పడి తర్వాత ఇంకోవైపు పడ్డం కళ్ళారా చూశాం, అప్పుడు అర్థం కానిది ఆ క్లాసులో అర్థమయ్యింది. అక్కడ్నుంచి హుద్‌హుద్ అప్పుడు వైజాగ్ ఎయిర్‌పోర్ట్ పైకప్పు ఏమయ్యిందో చెప్పి, నేల మీదున్న విమానాన్ని కూడా గాలి ఎలా పాడుచేస్తాదో చెప్పాడు. ఇలా చెప్తే ఎవడికి గుర్తుండదు చెప్పండి?

నావిగేషన్ కూడా బాగుంది, గుండ్రంగా తిప్పి లెక్కలు చూసే పలక, దాన్నే చేతి కంప్యూటర్ అంటారు, ప్రతి పిల్లాడి చేతిలో పెట్టి గాలి లెక్కలు చేయిస్తున్నారు. తక్కువ చేసింది ఆర్‌టీఆర్ దగ్గర. రేడియోలో గడగడా ఇంగ్లీషు మాట్లాడాలి, మన పిల్లలకి భయమే అక్కడ, వీళ్ళేమో వారానికి ఒక్క ప్రాక్టీసు పెట్టి మిగతాది ఇంట్లో చేసుకోమంటున్నారు. ఇంట్లో ఎవరితో చెయ్యాలి, వాళ్ళమ్మతోనా?

ఇంక అసలు విషయం కార్గో సార్.

పెద్దాయన, రిటైరయ్యారు, ఏ కంపెనీలో చేశారో అడిగితే నవ్వి ఊరుకున్నారు, చాలా ఏళ్ళు రాత్రి సరుకు విమానాలు నడిపారని మాత్రం చెప్పారు. మాట్లాడ్డం మొదలుపెట్టిన మొదటి వాక్యమే "కార్గో పైలట్‌కి వేరే లైసెన్సు ఉండదు నాయనా" అని. అదే 200 గంటలు నడిపి తెచ్చుకునే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, అందులో 100 గంటలు నువ్వే కమాండ్‌లో ఉండాలి, ఊరి నుంచి ఊరికి 300 నాటికల్ మైళ్ళ క్రాస్‌కంట్రీ ఒకటి, రాత్రి 5 గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ల మీద 10 గంటలు, అవన్నీ అయ్యాక పెద్ద విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ మోడల్ నడపడానికి విడిగా అర్హత. బోయింగ్ 737లో మనుషులున్నా మూటలున్నా కాక్‌పిట్ ఒకటే, కాబట్టి ఎయిర్‌లైన్‌లో సీటు రాలేదు కదా కార్గోలో దూరిపోదాం అనుకోడానికి అది దొడ్డిదారి కాదు అన్నారు. పైగా మన దేశంలో సరుకు విమానాలే తక్కువ. చెన్నై నుంచి నడిచే బ్లూడార్ట్ ఏవియేషన్ ఉంది, 1996 నుంచి ఎగురుతున్నారు, 757లు, ఈమధ్య 737-800లు. ఇండిగో వాళ్ళు 2022 నుంచి ప్యాసింజర్ ఏ321లని సరుకుకి మార్చినవి నడుపుతున్నారు. 2023 జనవరిలో హైదరాబాద్‌లో అమెజాన్ ఎయిర్ మొదలైంది కదా, ఆ విమానాలు నడపడానికి తీసుకున్నది క్విక్‌జెట్ అనే కంపెనీని. ఇంకా రెండు మూడు చిన్నవి. అన్ని విమానాలూ కలిపినా ఇండిగో పార్కింగ్‌లో ఒక మూలకి రావు. డీజీసీఏ 2023 ఒక్క ఏడాదిలోనే 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది, ఆ లెక్కా ఈ లెక్కా పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి అని బోర్డు మీద రాసి పక్కకి తప్పుకున్నారు. క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాకు నచ్చింది ఏటంటే ఆయన భయపెట్టి వదిలెయ్యలేదు. పని ఎలా ఉంటాదో చెప్పారు. సాయంత్రం ఊళ్ళ నుంచి పార్సిళ్ళు ఎయిర్‌పోర్ట్‌కి చేరతాయి, రాత్రి పదో పదకొండో దాటాక విమానం లేస్తాది, ఒకచోట దింపి ఇంకోచోట ఎక్కించుకుని తెల్లారేసరికి మళ్ళీ బేసుకి. సాయంత్రం బుకింగ్, రాత్రి లైను, పొద్దున్న డెలివరీ, మా ఆఫీసు బోర్డు మీద రాసుకున్నదే, కాకపోతే మా లారీ ఇచ్ఛాపురం దాటేలోపు వాళ్ళది కలకత్తా దాటేస్తాది. నేను ఆ మాటే అంటే ఆయన "మీరు ట్రాన్స్‌పోర్టా? అయితే మీకు సగం చెప్పక్కర్లేదు" అని అక్కడ్నుంచి సగం క్లాసు నావైపు చూసే చెప్పారు, పిల్లలు నవ్వుకున్నారు.

లోడింగు గురించి చెప్పింది నాకు నిద్రపట్టనివ్వలేదు. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్తాన్ బగ్రాం నుంచి అమెరికా కార్గో విమానం, 747, లోపల సైన్యం వాళ్ళ సాయుధ వాహనాలు 5. వాటిని కట్టాల్సినట్టు కట్టలేదు. విమానం లేచీలేవగానే ఒకటో రెండో తెగి వెనక్కి జారాయి, ముక్కు పైకి లేచిపోయింది, వెనకున్న కంట్రోలు భాగాలు దెబ్బతిన్నాయి, రన్‌వే పక్కనే పడిపోయింది, లోపలున్న ఏడుగురూ పోయారు. టెక్కలి నుంచి గ్రానైట్ దిమ్మ వేసుకుని వెళ్ళే లారీల సంగతి నాకు తెలుసు, గొలుసు సరిగ్గా బిగించకపోతే మలుపులో ఏమవుద్దో చూసినోడిని, కానీ లారీకి పక్కన ఆపుకోడానికి రోడ్డుంటాది. అందుకే సరుకు ఎక్కించింది కళాసీలే అయినా లోడ్‌షీటు (ఎంత బరువు ఎక్కడుందో రాసిన కాయితం) మీద సంతకం కెప్టెన్‌దే, ఎంత బరువన్నదే కాదు, అది ముందుందా వెనకుందా అన్నది కూడా చూడాలి అన్నారు. ఇంకోటి బ్యాటరీలు. 2010 సెప్టెంబర్‌లో దుబాయ్ నుంచి లేచిన యూపీఎస్ అనే అమెరికా పార్సిల్ కంపెనీ 747లో లిథియం బ్యాటరీల సరుకు అంటుకుంది, కాక్‌పిట్ నిండా పొగ, పైలట్లిద్దరూ చనిపోయారు. ఈ మాట చెప్పాక మా ఆఫీసులో పార్సిల్ బుకింగ్‌కి ఒక కాయితం అంటించాను, పవర్‌బ్యాంకులు, బ్యాటరీలు ఉంటే ముందే చెప్పాలి అని. ఇప్పటిదాకా ఒక్కడూ చెప్పలేదనుకోండి, అది వేరే విషయం.

నిద్ర గురించి ఎక్కువసేపు చెప్పారు, అదీ అవసరమే. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య మనిషి ఒంట్లో చురుకుదనం బాగా అడుగుకి పోయే టైము, కార్గో వాళ్ళు సరిగ్గా అప్పుడే దిగుతుంటారు. మన దేశంలో ఏడాదికి 1000 గంటలకి మించి ఎగరకూడదు అని ముందునుంచే ఉంది, 2025లో కొత్త డ్యూటీ రూల్స్ వచ్చాయి, వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి ల్యాండింగులు 6 నుంచి 2కి తగ్గించారు. వాటికి తగ్గట్టు ఏర్పాట్లు సరిపోకే కదా ఆ డిసెంబర్‌లో ఇండిగో వేలకొద్దీ ఫ్లైట్లు క్యాన్సిల్ అయ్యి జనం ఎయిర్‌పోర్టుల్లో పడుకున్నారు, తర్వాత ఆ కంపెనీకి కొన్నాళ్ళు సడలింపు ఇచ్చారు. అమెరికాలో అయితే 2014 జనవరి నుంచి వచ్చిన విశ్రాంతి రూల్స్ ప్యాసింజర్ పైలట్లకే, సరుకు పైలట్లని అందులోంచి తప్పించేశారు. అది అమల్లోకి రాకముందే 2013 ఆగస్టులో యూపీఎస్ విమానం అలబామాలో బర్మింగ్‌హామ్ దగ్గర తెల్లారకముందే దిగబోతూ కూలిపోయింది, ఇద్దరు పైలట్లూ పోయారు, విచారణలో అలసట ప్రస్తావన వచ్చింది, అయినా రూలు మారలేదు. ఆయన గొంతు అక్కడ కొంచెం మారింది. "సరుకుకి ప్రాణం ఉండదు కాబట్టి నడిపేవాడికీ ఉండదనుకున్నారు" అన్నారు.

మంచి కూడా చెప్పారు లెండి. ప్యాసింజర్లతో తగువులుండవు, అనౌన్స్‌మెంట్లు లేవు, రాత్రి ఆకాశంలో రేడియో ఖాళీగా ఉంటాది, పండక్కి పగలు ఇంట్లో ఉండొచ్చు (నిద్రపోతూ). సిరిమానోత్సవానికి ఎన్నిసార్లు వచ్చారండీ అని ఎవరో అడిగితే "వచ్చాను, నిలబడి నిద్రపోయాను" అన్నారు.

బుష్ పైలట్ అంటే ఏంటో మావాడికి అప్పటిదాకా తెలిసింది వీడియోలే. సార్ చెప్పిన దాని ప్రకారం రోడ్లు లేని చోట విమానమే బస్సు, లారీ, అంబులెన్స్ అన్నీ. అలాస్కాలో చాలా ఊళ్ళకి రోడ్డు లేదు, ఆ రాష్ట్ర రాజధాని జూనోకే బయటనుంచి రోడ్డు లేదంట, నాకు నమ్మబుద్ధి కాక ఇంటికొచ్చి మ్యాపు తెరిచి చూశాను, నిజమే. బియ్యం, పాలు, డైపర్లు అన్నీ పోస్టాఫీసు వాళ్ళ రేటు మీద విమానంలో వెళ్తాయి, దానికి బైపాస్ మెయిల్ అని పేరు, ఆ కిరాయి మీదే చాలా చిన్న కంపెనీలు బతుకుతాయి. అంటే అక్కడ పైలట్ హీరో ఏం కాదు, కిరాణా పట్టుకెళ్ళేవాడు. ఎక్కువగా వాడేది సెస్నా కారవాన్ అనే చిన్న విమానం, ఒక్కటే ఇంజిను, కంకర స్ట్రిప్పు మీద కూడా దిగుతాది, అమెరికా అంతటా ఫెడెక్స్‌కి చిన్న ఊళ్ళ నుంచి పార్సిళ్ళు తెచ్చిపోసేవీ ఇవే. కొత్త పైలట్లు ఆ కారవాన్ల మీద గంటలు పోగేసుకుని తర్వాత పెద్ద జెట్లకి వెళ్తారు. అయితే అద్దెకి నడిపే ఆ చిన్న విమానాల్లో కెప్టెన్‌గా కూర్చోవాలన్నా అక్కడి రూలు ప్రకారం కళ్ళతో చూసి నడిపే ఫ్లైట్లకి 500 గంటలు, మబ్బుల్లో ఇన్‌స్ట్రుమెంట్ల మీద నడిపేవాటికి 1200 గంటలు ఉండాలి. మనోడు 200తో వెళ్ళి ఏం చేస్తాడు?

మన దగ్గర కొత్త పైలట్ గంటలు పోగేసుకునే ఆ మధ్యలో మెట్టు లేకపోవడమే అసలు లోటు అన్నారు. చిన్న సరుకు విమానాలు ఊరూరా తిరిగే పద్ధతి ఇక్కడ నిలబడలేదు, ఎయిర్ డెక్కన్ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ 2009లో డెక్కన్ 360 అని కార్గో పెట్టారు, రెండేళ్ళు తిరక్కుండానే ఆగిపోయింది. ట్రాన్స్‌పోర్ట్‌లో ఉన్నోడిగా నాకు ఆశ్చర్యం లేదు, మన హైవే మీద లారీ ఇంత చవగ్గా వెళ్తుంటే చిన్న విమానానికి కిరాయి ఎవడిస్తాడు, రిటన్ లోడు ఎక్కడ్నుంచి వస్తాది. రోడ్డు లేని చోటే బుష్ పైలట్‌కి అన్నం.

కెనడా గురించి చెప్పింది విని మావాడి మొహం చూడాలి. ఉత్తరాన చిన్న కంపెనీల్లో చేరితే చాలాచోట్ల ముందు విమానం ఇవ్వరు, ర్యాంపు మీద, అంటే విమానాలు ఆగే చోట పనికి పెడతారు. సామాన్లు ఎక్కించడం, పెట్రోలు పట్టడం, రెక్కల మీద మంచు దులపడం, ఫోన్లు ఎత్తడం, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన. ఆ తర్వాత కుడి సీటు, అంటే కో-పైలట్. నాకైతే ఇది భలే నచ్చింది, మా లైన్లో కూడా క్లీనర్‌గా చెయ్యనోడికి స్టీరింగ్ ఎవడిస్తాడు. మావాడేమో "లైసెన్సు ఉన్నా మూటలు మొయ్యాలా మావయ్యా" అని నెమ్మదిగా అడిగాడు. మొయ్యాలి బాబూ.

ఇంకా బోట్స్‌వానాలో మౌన్ అనే ఊరు, ఒకవాంగో డెల్టాలో సఫారీ క్యాంపులకి టూరిస్టుల్ని, కూరగాయల్ని చిన్న సెస్నాల్లో దింపుతారు, తక్కువ గంటలున్న పైలట్లు అక్కడికెళ్ళి కంపెనీ కంపెనీ తిరిగి పని అడుగుతారంట. ఇండోనేషియాలో సూసీ ఎయిర్, చేపల వ్యాపారం చేసుకునే సూసీ పుజియాస్తుతి అనే ఆవిడ పెట్టింది, 2004 సునామీకి సాయం సామాన్లు మోసింది ఆవిడ కారవాన్లే, తర్వాత ఆవిడ ఆ దేశానికి మత్స్యశాఖ మంత్రి కూడా అయ్యారు. విదేశీ పైలట్లని తీసుకుంటారు. కానీ పాపువా కొండల్లో 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీకే నడుపుతున్న న్యూజిలాండ్ పైలట్‌ని అక్కడి తిరుగుబాటుదారులు పట్టుకుపోయి 2024 సెప్టెంబర్ దాకా వదల్లేదు. మా చెల్లికి ఈ ముక్క నేను చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తాది.

మరి ఇండియాలో బుష్ లేదా అంటే ఉంది, కాకపోతే ఆ పేరుతో పిలవరు. 2022 ఏప్రిల్ నుంచి అలయన్స్ ఎయిర్ వాళ్ళు హెచ్ఏఎల్ కాన్పూర్‌లో చేసిన 17 సీట్ల డోర్నియర్ 228ని దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లో పాసీఘాట్‌కి నడిపారు. 2024 నవంబర్‌లో విజయవాడ నుంచి శ్రీశైలానికి నీళ్ళ మీద దిగే ట్విన్ ఆటర్‌తో డెమో చేశారు, చంద్రబాబు గారు కూడా ఎక్కారు కదా. పక్కన నేపాల్‌లో లుక్లా, 527 మీటర్ల రన్‌వే, అదీ ఏటవాలు, ఒక కొసన గోడలాంటి కొండ, ఇంకో కొసన లోయ, తప్పితే మళ్ళీ చుట్టుతిరిగి రావడం ఉండదు. ఇలాంటి చోట్లకి కొత్త కుర్రాళ్ళని పంపరు, అనుభవం ఉన్న కెప్టెన్ల పక్కన ఏళ్ళ తరబడి కూర్చుంటేనే. సార్ మాట ఏంటంటే బుష్‌లో మనుషుల్ని చంపేది ఎక్కువగా ఇంజిను కాదు, "ఇంకొంచెం ముందుకెళ్తే మబ్బు విడిపోద్దిలే" అనే ఆలోచన. కళ్ళతో చూసి నడిపేవాడు మబ్బులోకి దూరి కొండకి కొట్టుకోవడం. ఊళ్ళో ఎవరికో మందులు అందాలి, ఓనరు ఫోన్ చేస్తున్నాడు, మొన్న ఇంకో పైలట్ వెళ్ళాడు కదా అంటాడు, ఆ టైములో "నేనెళ్ళను" అనగలిగినోడే బుష్ పైలట్ అన్నారు. మా డ్రైవర్లకి ఇది వినిపించాలి.

ఒక కుర్రాడు రోబో విమానాలొస్తే మా గతేంటి అనడిగాడు, మంచి ప్రశ్న. 2023 నవంబర్‌లో కాలిఫోర్నియాలో ఒక కంపెనీ లోపల ఎవరూ లేకుండా కారవాన్‌ని ఎగరేసి దింపిందంట నిజమే, మనిషి లేకుండా ముందు నడిచేది సరుకు విమానమే అవుద్ది, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు అని అంతటితో వదిలేశారు. ఆయన ఊహించి చెప్పకపోవడం నాకు నచ్చింది.

ఇప్పుడు ముందు రూము సంగతి. క్లాసయ్యాక బయటికొస్తుంటే మేడం పిలిచి కూర్చోబెట్టారు, వెనక గోడ మీద నీళ్ళ మీద దిగే విమానం పోస్టరు, ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు. ఫారిన్‌లో ట్రైనింగ్, 200 గంటలు, "తర్వాత అక్కడే బుష్ జాబ్, రెండేళ్ళలో కార్గో జెట్ సార్". పావుగంట క్రితం పక్క రూములో వాళ్ళ సారే చెప్పిన దానికి ఇది పూర్తిగా తిరగబడి ఉంది. నేను ఒక్కటే అడిగాను, స్టూడెంట్ వీసా మీద వెళ్ళి లైసెన్సు తెచ్చుకోవడం సరే, అక్కడ జీతానికి నడపడానికి వర్క్ పర్మిట్ ఎవరిస్తారమ్మా అని. "అది నెక్స్ట్ స్టేజ్ సార్" అన్నారు. ఆ నెక్స్ట్ స్టేజ్ కాయితం మీద ఉందా అంటే లేదు. ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉంది, అసిస్టెన్స్ అంటే ఏంటో లేదు. విదేశీ లైసెన్సుతో తిరిగొస్తే ఇక్కడ మళ్ళీ డీజీసీఏకి కన్వర్షన్ చేయించుకోవాలి, దానికి ఖర్చు, టైము, అదీ రాయలేదు. టైప్ రేటింగ్ ఈ డబ్బులోనా వేరేనా అంటే వేరే అన్నారు, గొంతు తగ్గించి. అడ్వాన్సు కడితే ఈ నెల డిస్కౌంటు అంట, ఆ రోజే కట్టాలంట, నాన్ రిఫండబుల్ అని చివర చిన్నక్షరాల్లో. లారీ కొనేటప్పుడు ఫైనాన్స్ వాడి కాయితాలు చదివి చదివి కళ్ళు పోయినోడిని నేను, చిన్నక్షరాలే ముందు చదువుతాను.

మొత్తం ఖర్చు 50 లక్షల నుంచి కోటి దాకా ఎక్కడైనా అవుద్ది, టైప్ రేటింగ్ పైన. అంత డబ్బు జీడితోట అమ్మి కట్టేవాళ్ళు మా వైపు ఉన్నారు. అలాంటివాళ్ళకి ముందు రూములో అందమైన పోస్టరు, వెనక రూములో నిజం, ఈ పద్ధతేంటి? మేనేజ్‌మెంట్ వాళ్ళు ఇది చదివితే చేయాల్సిన పని ఒకటుంది, కార్గో సార్‌ని ముందు రూములో కూర్చోబెట్టండి. మీ అడ్మిషన్లు తగ్గుతాయేమో, వచ్చినోళ్ళు మాత్రం ఉండిపోతారు.

ఇంకో చిన్న ఫిర్యాదు, మెడికల్ గురించి వీళ్ళు అసలు తొందరపెట్టరు. ఫీజు కట్టకముందే క్లాస్ 2 మెడికల్ (పైలట్ ఆరోగ్య పరీక్ష) చేయించుకోండి, తర్వాత ఉద్యోగానికి కావాల్సిన క్లాస్ 1, అది ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మళ్ళీ మళ్ళీ పాసవుతూనే ఉండాలి. రంగులు సరిగ్గా కనబడవని సగం చదివాక తెలిస్తే ఆ ఇంట్లో పరిస్థితి ఊహించుకోండి. ఇది కార్గో సార్ చెప్పారు, కౌన్సెలింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

మా వరకు ఏం చేశామంటే గ్రౌండ్ క్లాసులకి మాత్రం చేర్చాం, ఫీజు వాయిదాల్లో ఒప్పుకున్నారు, రసీదు వెంటనే ఇచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. ప్యాకేజీకి దణ్ణం పెట్టి వచ్చేశాం. ఫ్లయింగ్ ఎక్కడన్నది పేపర్లు పాసయ్యాక చూద్దాం, రాయ్‌బరేలీ వైపు ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వం వాళ్ళ ఇగ్రువా అనే ఫ్లయింగ్ స్కూలు ఉంది, దాని ఎంట్రన్సుకి కూడా రాయమని సార్ చెప్పారు. మావాడు ఇంకా అలాస్కా అంటూనే ఉన్నాడు, కాకపోతే సెలవుల్లో మా గోడౌన్‌కి వచ్చి లోడింగు దగ్గర నిలబడుతున్నాడు, ఏ పార్సిల్ ఎంత బరువో రాసుకుంటున్నాడు, మా కళాసీలు "కెప్టెన్ బాబు" అని పేరు పెట్టేశారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: కార్గో సార్ ప్రతి ఆదివారం రారు, ఆరోగ్యం బాగుంటేనే వస్తారు, శనివారం సాయంత్రం ఫోన్ చేసి ఆయన వస్తున్నారని కన్ఫర్మ్ చేసుకున్నాకే బయల్దేరండి. ఫోనెత్తినోళ్ళు "ఎవరైనా ఒకటే సార్, మా కౌన్సెలర్ చెప్తారు" అంటారు, ఒప్పుకోకండి. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళు పొద్దున్నే బస్సు ఎక్కితే క్లాసుకి అందుకోవచ్చు, తిరిగెళ్ళేటప్పుడు సాయంత్రం కాంప్లెక్స్‌లో రద్దీ ఎక్కువ, సీటు దొరకదు.